సృజనకు చెప్పినట్టే

మా అత్తమ్మ ఫోనులో "కోడలా, తిన్నవా?" అని అడిగిందంటే అది నన్ను కాదు. నన్ను వినోదా అంటుంది. కోపమొస్తే మా ఊరి పేరు పెట్టి బోథ్‌దానా అంటుంది. కోడలు అంటే సృజన. అత్తమ్మ కిష్టవ్వకు సొంత తమ్ముడి బిడ్డ, మా ఆయన మల్లేష్‌కు మేనమరదలు.

సృజన కరీంనగర్‌లో పుట్టి పెరిగింది. చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ మీడియం. ఇంజనీరింగ్ చదివి, ఇప్పుడు ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఏ దేశపు వాళ్లతోనో గలగలా మాట్లాడుతుంది. ఆమె లంగా ఓణీ కట్టుకున్న రోజుల్లో మల్లేష్‌కే ఇస్తారని అందరూ అనుకున్నారట. ఆమె చదువు పెరిగింది. మల్లేష్ ఇంటర్ దగ్గర ఆగి మస్కట్ విమానం ఎక్కాడు. ఆ మాట అక్కడే చల్లబడింది. తర్వాత బోథ్ దాకా వచ్చి నన్ను చూసి చేసుకున్నారు.

నేనేమీ చదువుకోనిదాన్ని కాదు. మా బాపు అంతయ్య పత్తి రైతు. మా ఇంటిపేరు గలవాళ్లలో డిగ్రీ పట్టా పుచ్చుకున్నది నేనే మొదలు. ఆదిలాబాద్‌లో హాస్టల్లో ఉండి బీఏ చేశాను. ఇప్పుడు చొప్పదండిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో మూడు, నాలుగు తరగతులకు ఇంగ్లిష్ చెబుతున్నాను. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిష్ చెప్పడమంటే ఈత గురించి చదివి బావిలో దూకడమే. అందుకే రేపటి పాఠంలోని ప్రతి మాటా ఈ రోజే డిక్షనరీలో చూసుకుని పోతాను. నా డిక్షనరీ అట్ట ఊడిపోయి, గోధుమపిండి సంచి గుడ్డతో కుట్టిన అట్టతో ఉంటుంది.

ఇంత ఉన్నా మల్లేష్‌కు ఇంగ్లిష్‌లో ఏ కాగితం వచ్చినా అది సృజనకే పోతుంది. మా పెళ్లికి ముందు నుంచీ అదే అలవాటు. నాకు వచ్చే మాటలు వేరు. అవ్వకు బీపీ గోలీలు తెచ్చినవా, మోటరు బాగైందా, తిన్నవా, పండుకో. సృజనతో మాట్లాడేటప్పుడు మాత్రం నవ్వుతాడు. అత్తమ్మ ఫోనులో ముగ్గురూ కలిసినప్పుడు విన్నాను. "ఏం బావా, మస్కట్‌ల ఇంకో పెళ్లాన్ని జూసుకున్నవా?" అని ఆమె, "నువ్వొస్తనంటే ఆమెను ఎల్లగొడత" అని ఈయన. అత్తమ్మ పకపకా నవ్వుతుంది. బావా మరదళ్లు అట్లనే ఉంటారు, అందులో తప్పు పట్టేదేమీ లేదని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపులో మంట ఆగుతుందా?

ఆ శుక్రవారం బడిలో అన్నం తినే వేళకు నా ఫోనుకు మల్లేష్ నుంచి ఒక ఇంగ్లిష్ కాగితం వచ్చింది. కింద ఆయన మాట: "సృజన రాసింది. ఎట్ల రాసిందో చూడు. పెద్ద పెద్ద మాటలు. నువ్వు గూడ గిట్ల నేర్సుకోవాలె."

టిఫిన్ డబ్బా మూత పెట్టి చదివాను. అది మల్లేష్ తన కంపెనీకి ఇవ్వాల్సిన సంజాయిషీ. పని జాగలో సూపర్‌వైజర్‌తో తనకు 'సీరియస్ డిస్ప్యూట్' వచ్చిందని, 'హీటెడ్ ఆర్గ్యుమెంట్' జరిగిందని, ఆ వేడిలో తాను నోరు జారినందుకు మన్నించాలని ఉంది.

మల్లేష్ అక్కడ పెద్ద భవనాల చుట్టూ ఇనుప గొట్టాలతో పరంజా కట్టే మనుషులకు ఫోర్‌మన్. అక్కడ జగడం జరిగిందంటే నాకు ముందు భయం వేయాలి. వేసింది కూడా. కానీ అంతకంటే ముందు వచ్చిన ఆలోచన వేరు: నాకు తెలియనిది ఆమెకు తెలుసు. నా మొగుడికి కష్టం వస్తే ఆ కష్టాన్ని ముందు విన్నది ఆమె.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. కాసేపటికి మెసేజ్ వచ్చింది. "చిన్న కిరికిరి. ఫికర్ జెయ్యకు. ఆదివారం పొద్దుగాల ఆఫీసుల కాయితం ఇస్తే అయిపోతది."

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆమెకు అప్పటికే తెలుసు. సృజనే ఫోన్ చేసి చెప్పిందట.

"మా కోడలు రాసిందట గద కాయితం. ఇగ వానికేం గాదు" అంది.

"ఏం రాసిందో నీకెర్కేనా అత్తమ్మా?"

"నాకేం ఎర్క? ఇంగిలీసుల రాసింది, మంచిగనే ఉంటది. అది చిన్నప్పుడే కుక్కను డాగ్ అని పిలుస్తుండె."

"నేను గూడ ఇంగ్లిషే జెప్త గదా బడిల."

"నువ్వు జెప్పవని ఎవలన్నరు? గని నువ్వు సూసి సెప్తవ్, అది సూడక సెప్తది."

ఆ మాట నిజం. నిజం కాబట్టే సూదిలా దిగింది. కాళ్లు కడుక్కుని, డిక్షనరీ తీసుకుని, వాకిట్లోనే ఇంకో మూల కూర్చున్నాను. సృజన కాగితంలో ఒక్క తప్పయినా దొరకాలి. పిల్లల కాపీలు దిద్దేటప్పుడు కూడా నేనంత పట్టుగా వెతకను. పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చదివాను. ఒక్క తప్పు లేదు. కామాలు కూడా ఎక్కడివక్కడ ఉన్నాయి. ఏడుపొచ్చింది.

ఇక మాటల మీద పడ్డాను. తప్పు లేకపోతే పోనీ, ఆ మాట కంటే మంచి మాట ఉందేమో చూద్దామని. డిస్ప్యూట్ అంటే వివాదం, తగాదా. క్వారల్ అంటే జగడం. ఆర్గ్యుమెంట్ అంటే వాదులాట. ఆబ్జెక్షన్ అంటే అభ్యంతరం. డిసగ్రీ అంటే ఏకీభవించకపోవడం. డిక్షనరీ అన్నింటినీ పక్కపక్క పెట్టి ఊరుకుంటుంది. ఏది ఎంత బరువో చెప్పదు. నేను మా ఊరి మాటల్లో తూచుకున్నాను. లొల్లి వేరు, కిరికిరి వేరు, పంచాది వేరు, తక్రార్ వేరు. మా బాపుకూ పెద్దబాపుకూ గెట్టు కాడ వచ్చింది డిస్ప్యూట్. ఆ రెండు మూరల నేల మాదంటే మాదన్నారు. డిస్ప్యూట్ అంటే నడుమ ఒక వస్తువు ఉండాలి, దాన్ని ఇద్దరూ నాదనాలి. నాకూ అత్తమ్మకూ పొయ్యి కాడ వచ్చేది క్వారల్. వస్తువు అక్కర్లేదు, నోరుంటే చాలు. ఆర్గ్యుమెంట్‌కు రెండు నోళ్లు కావాలి.

రెండు నోళ్లు అనుకోగానే చెయ్యి ఆగిపోయింది.

మల్లేష్‌కు కోపం వస్తే నోరు రాదు. మా పెళ్లి బరాత్ నాడు ఊరేగింపు ఏ బజారు గుండా పోవాలని వాళ్ల మనుషులూ మా మనుషులూ ఒకరి మీద ఒకరు లేచారు. పెళ్లికొడుకు ఏం చేశాడు? బండి దిగి, టెంటు గుంజ పక్కన నేల మీద కూర్చుని, తలపాగా తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఎవరు పిలిచినా లేవలేదు, పలకలేదు. చివరికి అందరికీ సిగ్గేసి సర్దుకున్నారు. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీతో తేడా వచ్చినా అంతే. ఇసుక కుప్ప మీద కూర్చున్నాడు. మా ఇద్దరి మధ్య వచ్చినా అంతే. అరిస్తే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆయన అరవడు. కూర్చుంటాడు.

అట్లాంటి మనిషికి వేడి వేడి వాదులాట ఎక్కడిది?

"అత్తమ్మా, మీ కొడుకు ఎవలనన్న ఎన్నడన్న తిట్టంగ ఇన్నవా?"

"వాడా? వానికి కోపమొస్తే నోరు పడిపోతది గదనే. ఎందుకు?"

"మీ కోడలు రాసిన కాయితంల మీ కొడుకు తిట్టిండని ఉన్నది."

అత్తమ్మ చిక్కుడుకాయ చేతిలోనే పట్టుకుని నన్ను చూసింది. నా గొంతులో సంతోషం ఉందని ఆమెకు తెలిసిపోయినట్టుంది. "కండ్లల్ల నిప్పులు వోసుకోకు. ముందుగాల వానికి ఫోన్ జెయ్యి" అంది.

ఈసారి ఎత్తాడు. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి రూములో వంట ఆయన వంతు. తాలింపు చప్పుడు వినిపిస్తోంది.

"ఏం జరిగిందో చెప్పు. నిజం చెప్పు" అన్నాను.

"చెప్పిన గదనే, చిన్న కిరికిరి."

"చిన్న కిరికిరికి కంపెనీ కాయితం అడుగుతదా? నువ్వు ఆయన్ను తిట్టినవా?"

"నేనేం తిట్టలే."

"మరి ఏం జేసినవ్?"

పొయ్యి తగ్గించిన చప్పుడు. "గాలి బాగ ఎక్కువున్నదే ఆ దినం. గొట్టాలు ఊగుతున్నయ్. కొత్త సూపర్‌వైజర్, నాకంటే జానెడు పొడుగుంటడు, వచ్చి మనుషుల్ని ఎక్కిపియ్యమన్నడు. మనోళ్లే, జగిత్యాల పిలగాండ్లున్నరు, బీహారోళ్లున్నరు. నాకు మనసొప్పలే. నిచ్చెన కాడ కూసున్న."

"కూసుంటే?"

"హెల్మెట్ తీసి ఒళ్లె పెట్టుకున్న. నేను లేస్తలేనని వాళ్లు గూడ ఎక్కలే. ఆయన ఒర్రిండు, ఒర్రిండు, పోయిండు. పోయి ఆఫీసుల నేను కొట్లాడిన అని చెప్పిండు."

"కొట్లాడినోళ్లను ఏం జేస్తరు అక్కడ?"

"పని జాగల కొట్లాడితే ఇంటికి తోలుతరు" అన్నాడు మెల్లగా.

"మరి సృజన రాసిన కాయితంల ఏమున్నదో ఎర్కేనా? వేడి మీద కొట్లాడినా, నోరు జారినా అని ఉన్నది. ఆయన చెప్పిందే నువ్వు ఒప్పుకుంటున్నవ్. సంతకం బెట్టి ఇస్తే నీ టికెట్ నువ్వే కొనుక్కున్నట్టు."

"అట్లున్నదా? పెద్ద పెద్ద మాటలున్నయ్, మంచిగుందనుకున్న."

"ఆమెకు ఏం జెప్పినవ్?"

"ఏదో జెప్పిన..."

"ఏం జెప్పినవ్?"

"కాలర్ వట్టిన అన్న."

"ఎవని కాలర్?"

"ఆ సూపర్‌వైజర్ది. ఊకె అన్ననే. అది మరదలు గదా, మరదలితోని అట్లనే మాట్లాడుతరు. గాలొచ్చింది, కూసున్న అంటే నవ్వదా అది?"

"మరి పెండ్లాంతోని ఎట్ల మాట్లాడుతరు?"

"పెండ్లాంతోని నిజం మాట్లాడుతరు."

"ఎప్పుడు మాట్లాడినవ్ నిజం? చిన్న కిరికిరి అంటివి."

తాలింపు మాడిందని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

నేను కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఆయనకు నేనే రాసి పంపవచ్చు. పంపి, పైన ఒక మాట కూడా కలపవచ్చు: నీ మరదలు నిన్ను ముంచబోయింది, నేను ఒడ్డుకు తెచ్చిన అని. ఆ మాటను లోపల నాలుగు రకాలుగా తయారు చేసుకున్నాను. ఒక్కో రకం ఒక్కో రుచిగా ఉంది. కానీ నేను రాసే ఇంగ్లిష్ బడి ఇంగ్లిష్. ఆఫీసు వాళ్లు చదివి నవ్వితే? నా రోషం కోసం ఆయన ఉద్యోగాన్ని పందెం కాయలేను. సృజనకు ఫోన్ చేయక తప్పలేదు.

"అక్కా! ఏంది, నువ్వు ఫోన్ జేసినవ్? ఇయ్యాల వాన వడ్తది" అంది.

"నీ కాయితం జూసిన" అన్నాను. అన్నీ చెప్పాను. గాలి, నిచ్చెన, ఒళ్లో హెల్మెట్. తప్పు పట్టే మనిషి గొంతుతోనే చెప్పాను. ఆమె మొత్తం విని, ఒక్కసారిగా "అయ్యో!" అంది.

"కాలర్ వట్టిన అన్నడక్కా! పండ్లు రాలగొడ్తుంటి, పక్కోళ్లు ఆపిన్రు అన్నడు. గది రాస్తే కొంప మునుగుతదని నేనే తగ్గించి, ఫైట్ తీసేసి ఆర్గ్యుమెంట్ అని పెట్టిన. రాత్రంత పరేషాన్ అయిన. అబద్ధమా గదంత? కూసున్నడా? మీ ఆయన గింత కోతలరాయుడని చెప్తే ఏమాయె నాకు!"

నేను తయారు చేసి పెట్టుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఆమె మాటలు ఎంచడంలో తప్పు చేయలేదు. ఆమె చేతిలో పెట్టిన సరుకే అబద్ధపు సరుకు. ఉన్నంతలో మెత్తని మాటే ఎంచింది, ఆయన కోసం. నేను ఆమె మీద కోపం తెచ్చుకుందామని ఎంత చూసినా దొరకలేదు. దొరకనందుకు కూడా కోపమే వచ్చింది.

"సరే, మళ్ల రాద్దాం. నువ్వు జెప్పక్కా" అంది సృజన.

"డిసగ్రీ అని పెడదాం."

"గది మరీ చిన్నపిల్లల మాట లెక్కుంటది. ఆఫీసుల ఆబ్జెక్షన్ అంటరు."

"ఆబ్జెక్షన్ అంటే నోటితోని చెప్పాలె. ఈయన నోరే తెరవలే."

"అయితే రిఫ్యూజ్?"

"వద్దొద్దు. అది చెప్పిన పని చెయ్య అన్నట్టు. ఆయన పని చెయ్య అనలే. గాలి తగ్గినంక ఎక్కిస్త అన్నట్టు కూసున్నడు."

"నువ్వెట్ల జెప్తవ్? ఆయన గా మాట అన్నడా?"

"అనలే. ఆయన కూసుంటే అదే. మళ్ల లేస్తడు. లేసి పని జేస్తడు. నాకెర్క."

సృజన రిఫ్యూజ్ కొట్టేసింది. నాకు మొదటిసారి గెట్టు దాటి ఒక అడుగు నా నేలలో వేసినట్టు అనిపించింది. తర్వాత సృజన ఇంకో పట్టు పట్టింది. డిసగ్రీ ఒక్కటే చాలదు, ఎందుకు ఒప్పుకోలేదో చెప్పాలంది. నేను గాలి సంగతి ముందు రాయమన్నాను. ఆమె అది వెనక ఉండాలంది. నా గొంతు పెరిగింది, ఆమె గొంతూ పెరిగింది. అత్తమ్మ చిక్కుడుకాయలు వదిలేసి మధ్యలో "ఏమాయెనే, ఇద్దరు ఎందుకొర్రుతున్నరు?" అని అడిగింది.

సృజన నవ్వింది. "అక్కా, మనది గిప్పుడు ఏమంటరు? ఆర్గ్యుమెంటా, డిస్ప్యూటా?"

"ఏదీ కాదు" అన్నాను. కానీ లోపల నాకు తెలుసు. నడుమ ఒక వస్తువు ఉండాలి, దాన్ని ఇద్దరూ నాదనాలి.

చివరికి గాలి ముందే వచ్చింది. కాగితం చిన్నదైంది. ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది; మనుషుల్ని పైకి పంపడం క్షేమం కాదనుకున్నాను; అందుకే సూపర్‌వైజర్‌తో ఏకీభవించలేదు; నేను ఎవరినీ ఒక్క మాట అనలేదు, నిచ్చెన దగ్గర కూర్చున్నాను; గాలి తగ్గాక పని చేయడానికి సిద్ధంగా ఉన్నాను. మాటలు నావి. వాటికి ఆఫీసు బట్టలు తొడిగింది సృజన. శనివారమే మల్లేష్‌కు పంపింది. ఆయన ఆదివారం పొద్దున పట్టుకుపోయాడు.

ఆ పూట నేను వంట చేస్తూ ఉప్పు రెండుసార్లు వేశాను. అత్తమ్మ తిని కూడా ఏమీ అనలేదు.

మధ్యాహ్నం మల్లేష్ మెసేజ్ నాకూ సృజనకూ కలిపి ఒకేసారి వచ్చింది. ఆఫీసు వాళ్లు చదివారట. ఆ రోజు గాలి సంగతి వేరేవాళ్లను అడిగారట. ఇకముందు కూర్చోకుండా నోటితో చెప్పమని మందలించి వదిలేశారట. కింద రాశాడు: "సృజనా, నీ కాయితం పని జేసింది."

నేను ఫోను వైపే చూస్తూ ఉన్నాను. కాసేపటికి సృజన జవాబు వచ్చింది. "నాది కాదు బావా. గా మాటలు అక్కవి. నువ్వు కూసున్న ముచ్చట అక్క జెప్తేనే ఎర్కైంది."

మంచి పిల్ల. ఆ మాట ఎవరైనా ఒప్పుకుంటారు. అయినా నాకు రావాల్సిన పేరు కూడా ఆమె చేతి నుంచే నాకు అందింది. వద్దనలేను, చేయి చాపలేను. మల్లేష్ నాకు ఒక దండం బొమ్మ పంపాడు. అంతే.

మళ్లీ శుక్రవారం సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు. అత్తమ్మతో మాట్లాడాడు. తర్వాత ఆమె ఫోను నాకిచ్చింది.

"తిన్నవా?"

"ఇంక లేదు."

"మోటరు నడుస్తుందా?"

"నడుస్తుంది."

ఇక పెట్టేస్తాడు. ఎప్పుడూ ఇక్కడే పెట్టేస్తాడు. ఈ వారమంతా నేను ఆలోచించిన సంగతి ఒకటే. ఇంగ్లిష్ కాగితాలు ఆమెకు పోతున్నాయని ఇన్నేళ్లు మండిపోయాను. ఇప్పుడు కాగితంలో నా మాట పడింది, మంట మాత్రం తగ్గలేదు. ఎందుకంటే ఆమెకు పోయేది కాగితం ఒక్కటే కాదు. కాలర్ పట్టుకున్న మల్లేష్, పండ్లు రాలగొట్టబోయిన మల్లేష్, పక్కవాళ్లు ఆపితే గాని ఆగని మల్లేష్, ఆ మనిషి మొత్తం ఆమెకే పోతున్నాడు. నాకు వచ్చేది మోటరు.

"ఆగు, పెట్టకు" అన్నాను. "సృజనకు ఎట్ల జెప్పినవో నాకు గూడ అట్లనే జెప్పు."

"ఏంది?"

"కాలర్ ముచ్చట."

"ఓ పిల్లా, అది అబద్ధమని నీకెర్కే గదా."

"ఎర్కే. జెప్పు."

"నువ్వు టీచరువు. నడుమల నడుమల దిద్దుతవ్."

"దిద్ద. జెప్పు."

చాలాసేపు ఉష్... అని అటు గాలి ఒక్కటే వినిపించింది. ఏ మేడ మీదో నిలబడ్డాడేమో. అత్తమ్మ కూడా పని ఆపి నా పక్కకు జరిగి చెవి పెట్టింది.

"ఇగ జూడు" అన్నాడు మల్లేష్, గొంతు సవరించుకుని. ఆ గొంతు నాకు కొత్త. సృజనతో మాట్లాడేటప్పుడు పక్క గదిలోంచి విన్నదే, కానీ నా చెవికి ఎన్నడూ రాలేదు. "ఆడు ఒర్రుకుంట ఒర్రుకుంట నా మీదికి వచ్చిండు. నేను లేసిన. ఒక్కటే ఉరుకు. కుడి చేత్తోని కాలర్ దొరకవట్టి ఇట్ల పైకి లేపిన, కాళ్లు భూమి మీద లేవు ఆనియి..."

మల్లేష్ ఎడమచేతి వాటం. ఆ సూపర్‌వైజర్ ఆయనకంటే జానెడు పొడుగని అంతకుముందే చెప్పాడు. ఆ కథలో గాలి ఊసే లేదు.

నేను దిద్దలేదు.

"ఆ... మరి ఆడేమన్నడు?" అన్నాను.